సభలో ఆఖరుకు దాచుకున్న మాట

"గంటసేపు నువ్వే మాట్లాడితివి సారూ! గా గంటల నా పద్నాలుగు మంది పిల్లల ముచ్చట పట్టకపోవునా?"

"గంట కాదక్కా, నలభై నిమిషాలు. గడియారం జూసుకునే మాట్లాడిన. నువ్వు మాత్రం తక్కువ మాట్లాడితివా? బోరు మోటరు అంటివి, పశువుల డాక్టరు అంటివి, ఖిల్లా ఘణపూర్ బస్సు అంటివి, బడి గోడ అంటివి. గీ హాస్టల్ ముచ్చట చెప్పొద్దని నీ నోరు ఎవరన్న మూసిండ్రా?"

"ఆఖరుకు చెప్దామని ఉంచుకున్న."

"ఆఖరుకా! సభల ఆఖరుకు ఏముంటదక్కా? అన్నముంటది."

చుట్టూ పలావు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా నవ్వారు. జిల్లా పరిషత్ సమావేశ మందిరం బయటి వరండా అది. నేను మా మండలం నుంచి గెలిచిన జెడ్పీటీసీ సభ్యురాలిని. ఆయన మా ఎమ్మెల్యే. వయసులో నాకంటే పదేళ్లు చిన్న. ఆయన చేతిలో ప్లేటు ఉంది. నేను ప్లేటు తీసుకోలేదు.

ఆయన అన్నది నిజమని ఆ మాట వినగానే నాకు తెలిసిపోయింది. అయినా పోట్లాట ఆపలేదు. తప్పు నాదని తెలిశాక మనిషి గొంతు ఇంకా పెరుగుతుంది.

ఇది రెండు వేల సంవత్సరం దాటాక తొలి ఏళ్ల మాట. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలు కావు. అందరం ఒకే సభలో కూర్చునేవాళ్లం. ఇప్పుడు కొత్తగా గెలిచిన ఆడపిల్లలు మా ఇంటికి వచ్చి, "అవ్వా, సభల ఏం మాట్లాడాలె?" అని అడుగుతున్నారు. శాలువాలు, ఫొటోలు, ఎన్నికల ఖర్చు గురించి చెప్పడానికి వేరేవాళ్లు ఉన్నారు. నేను మూడో తరగతి దాకా చదివాను. నాకు తెలిసింది మాత్రం చెబుతాను. నేను చెబుతుంటే మా మనవరాలు రాసింది. బాగుంటుందని తను కలిపిన ముక్కలను తీయించేశాను.

కుర్చీ

మొదటి సమావేశానికి నా పెనిమిటి కూడా వచ్చాడు. రావడం తప్పు కాదు. బస్సులో తోడు కావాలి కదా. కానీ లోపలికి వచ్చి నా వెనుక కుర్చీలో కూర్చున్నాడు. చుట్టూ చూస్తే ప్రతి ఆడ సభ్యురాలి వెనుకా ఒక మగ మనిషి ఉన్నాడు. అధికారి ప్రశ్న అడిగితే ముందున్న ఆమె వెనక్కి చూస్తుంది, వెనుకున్న ఆయన జవాబు చెబుతాడు. సంతకానికి మాత్రం పెన్ను ముందుకు వస్తుంది.

నేను మా ఆయనతో అన్నాను: "నువ్వు పోయి బయట చాయ్ తాగు."

"ఎందుకే? నీకు తెల్వనిది ఏమన్న అడిగితే?"

"తెల్వదని చెప్త. తెల్వదని చెప్పనీకె ఇద్దరెందుకు?"

ఆయన లేచి వెళ్లాడు. ఆ తర్వాత ఎప్పుడూ లోపలికి రాలేదు. ఇంటికి వెళ్లాక రెండు రోజులు మాట్లాడలేదు కూడా. మూడో రోజు ఎద్దుకు జబ్బు చేసింది. మాట్లాడక తప్పలేదు.

మా చైర్‌పర్సన్ భర్త మంచి మాటకారి. తర్వాతి సమావేశంలో నన్ను చూసి, "ఏందమ్మా, మీ సారు రాలే?" అన్నాడు. "ఎడ్లకు మేత ఎవరేయాలె? మీ ఇంట్ల ఎడ్లు లేవనుకుంట," అన్నాను. ఆయన నవ్వేశాడు. చైర్‌పర్సన్ నవ్వలేదు. కానీ ఆ రోజు నుంచి మైకు నా దగ్గరికి త్వరగా వచ్చేది. ఆమె సైగ చేసేది. ఆమెకూ మాట్లాడాలని ఉండేది. ఐదేళ్లలో ఆమె సొంతంగా మాట్లాడింది రెండుసార్లు. రెండూ పనికొచ్చే మాటలే. అదే ఆమె భర్త ఐదేళ్లు మాట్లాడాడు. అందులో ఒక్కటీ నాకు గుర్తులేదు.

కాబట్టి మొదటి సంగతి ఇది. తెలియకపోతే తెలియదనండి. మీ కుర్చీలో మీరే కూర్చోండి.

కొంగు ముళ్లు

కాగితం మీద రాసుకుని చదవడం నాకు రాదు. పెద్ద అక్షరాలు కూడబలుక్కుంటాను. ఆ వేగంతో చదివితే మైకు పట్టుకున్న పిల్లవాడి చెయ్యి నొప్పి పుడుతుంది. అందుకని కొంగుకు ముళ్లు వేసుకుని వెళ్లేదాన్ని. ఒక్కో ఊరి పనికి ఒక్కో ముడి. చెప్పేశాక విప్పేదాన్ని.

ఇది నేను కనిపెట్టింది కాదు. మా అమ్మ వారం అంగడికి వెళ్లేటప్పుడు తేవాల్సిన వస్తువుకు ఒకటి చొప్పున ముడి వేసేది. ఉప్పుకు చిన్న ముడి, చీరకు పెద్ద ముడి. అంగట్లో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. చిన్నవి ముందు కొనేది. పెద్దది పొద్దు వాలేదాకా కొనేది కాదు. పొద్దు వాలితే అమ్మేవాడికి ఇంటికి వెళ్లే తొందర ఉంటుంది, ధర దిగుతుంది. నేనూ అదే నేర్చుకున్నాను. నలభై ఏళ్లు సంసారం అట్లాగే చేశాను. చింతపండు నుంచి ఎద్దు దాకా ఏదీ పొద్దున కొనలేదు.

సభలో నవ్వేవాళ్లు. "బాలమ్మక్క కొంగు పట్టుకుంది, ఇంక మూడు ముళ్లున్నయి, కూసోండ్రి," అనేవాళ్లు. నవ్వనీ. కాగితం తెచ్చుకున్నవాళ్లు కాగితం మరిచిపోయి వచ్చిన రోజులున్నాయి. నేను కొంగు మరిచిపోయి వచ్చిన రోజు లేదు.

వదిలేసిన చేతిపంపులు

పొదుపు గురించి ఒక మాట చెప్పాలి. ఇంట్లో పొదుపు చేసిన మనిషి ప్రభుత్వంలో కూడా పొదుపు చేయబోతే ఏమవుతుందో నాకు రెండో ఏడాదే తెలిసింది.

మా మండలానికి చేతిపంపులు వచ్చాయి. ఏయే ఊళ్లకు కావాలో అడిగి పంచాను. రెండు మిగిలాయి. అధికారి, "ఇవి కూడ ఏడనో ఒకాడ పెట్టియ్యమ్మా," అన్నాడు. "ఇప్పుడు అక్కర లేదు. ఎండాకాలం ఏ ఊరికి అక్కరైతే ఆ ఊరికిస్త. ఉంచుండ్రి," అన్నాను. విత్తనాల గంపలో అడుగున నాలుగు దోసిళ్లు మిగిల్చుకునే మనిషిని నేను.

మార్చి దాటింది. ఎండాకాలంలో పాన్‌గల్ దారిలో ఒక తండావాళ్లు బిందెలతో వచ్చి మా ఇంటి ముందు కూర్చున్నారు. నేను దర్జాగా అధికారి దగ్గరికి వెళ్లి నా రెండు పంపులు ఇవ్వమన్నాను. ఆయన పుస్తకం తిప్పి చూపించాడు. మార్చిలోపు తీసుకోలేదు కాబట్టి అవి వేరే మండలానికి పోయాయి. ఆ సంగతి తండావాళ్లకు చెప్పాను. ఒక ముసలమ్మ, "దాసిపెట్టినవా బిడ్డా? యాడ దాసినవు?" అని అడిగింది.

ఇంట్లో మిగిల్చింది ఇంట్లోనే ఉంటుంది. సర్కారులో మిగిల్చింది ఉండదు. ఈ పాఠం పంపుల దగ్గర నేర్చుకున్నాను గానీ, మాటల దగ్గర నేర్చుకోలేదు. అందుకే ఆ రోజు సభలో అట్లా జరిగింది.

ఎమ్మెల్యే

ఆ రోజు గురించి చెప్పేముందు ఎమ్మెల్యే గురించి న్యాయంగా చెప్పాలి. ఆయన గురించి ఊళ్లో రెండు మాటలున్నాయి. ఒకటి దేవుడని, రెండోది ఉత్త మాటలవాడని. రెండూ సరికావు.

ఆయన గొంతు మంచిది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. అదే ఆయన లోపం. ఏ సభలోనైనా నాయకత్వం గురించి, ఊరి బాగు గురించి చర్చ వస్తే ఆయన లేచేవాడు. లేస్తే త్వరగా కూర్చునేవాడు కాదు. కానీ ఆయన మాటల్లో సరుకు ఉండేది. ఆడ సభ్యుల భర్తలు సభలోకి రాకూడదని సభలో లేచి చెప్పిన మొదటి మగవాడు ఆయనే. ఊరి పని ఏదో ఊరివాళ్లను అడగకుండా పై నుంచి రాసి పంపితే అది అభివృద్ధి కాదని ప్రతి సమావేశంలోనూ అనేవాడు. మండలం మొదట్లో స్వాగత తోరణం కట్టిద్దామని కూడా ఆయనే అన్నాడు. "వచ్చేటోళ్లకు స్వాగతం సరే సారూ, పోయేటోళ్లకు ఏం కట్టిస్తవు?" అని అడిగాను. మా మండలంలో దసరా దాటితే సగం ఊళ్లు మట్టి పనికి పూనా దిక్కు, బొంబాయి దిక్కు పోతాయి. ఆయన తోరణం మాట మళ్లీ ఎత్తలేదు.

ఒకసారి మా వాకిట్లో మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతూ, "వలస గురించి అసెంబ్లీల మాట్లాడాలక్కా. ఏం మాట్లాడాలె చెప్పు," అన్నాడు.

"నాకేం తెలుసు? నువ్వు చదువుకున్నోడివి."

"చదువుకున్నోళ్లు చెప్పింది రాసుకున్న. నువ్వు చెప్పు."

"మా బడిల పిల్లలు ఉండరు, హాజరు పట్టీల మాత్రం ఉంటరు. గది ఎట్లనో అడుగు."

నెల తిరగకుండా ఆయన అసెంబ్లీలో అదే అడిగాడట. పిల్లలు లేని బడికి హాజరు పట్టీ ఎట్లా నిండుతోందని. పేపర్లో నాలుగు వరుసలు వచ్చింది. వలస పోయేవాళ్ల పిల్లలను బడిలోనే ఉంచుకుని అన్నం పెట్టే హాస్టళ్ల మాట మా మండలాల దాకా రావడానికి ఆ ప్రశ్న చాలా పని చేసింది. నా పేరు ఎక్కడా రాలేదు. రావాల్సిన పని కూడా లేదు. నేను మైకులో అరిస్తే జిల్లా దాటని మాట, ఆయన చెవిలో వేస్తే హైదరాబాదు దాకా పోయింది. మాట ఎవరిదైతే ఏంది అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను.

ఖాసింబీ

ఖాసింబీది మా వెనుక వీధి. ఆమె పెనిమిటి మౌలాలి దూదేకి పరుపులు కుట్టేవాడు. ఊళ్లోకి స్పంజి పరుపులు వచ్చాక ఆ పని పోయింది. ఇద్దరూ మట్టి పనికి పోవడం మొదలుపెట్టారు. మనుషులను కూడగట్టి లారీలో తీసుకుపోయేవాణ్ని మావైపు గుంపు మేస్త్రీ అంటారు. అతని లారీ దసరా దాటాక వస్తుంది. ఉగాదికి గానీ తిరిగి రాదు.

ఖాసింబీ కూతురు షమీమ్ ఆ ఏడు ఏడో తరగతి. అప్పట్లో ఏడో తరగతికి పెద్ద పరీక్ష ఉండేది. ఆ పిల్ల అంతకుముందు ఏడాది లారీలో పోయి, తిరిగి వచ్చి, వెనుకబడిందంతా తనే చదువుకుని పైతరగతికి వచ్చింది. మా ఇంటికి వచ్చే కాగితాలు నాకు చదివి పెట్టేది ఆ పిల్లే. చదివి, "అవ్వా, గిండ్ల పనికొచ్చేది ఒక్కటే వరుస," అని ఆ వరుస కింద గోటితో గీత పెట్టేది.

సభకు రెండు రోజుల ముందు ఖాసింబీ వచ్చింది.

"అక్కా, జర నా మాట ఇను. లారీ ఎల్లుండి కాక ఆవలెల్లుండి పొద్దుగల వస్తదంట. గీ పిల్లను యాడ ఇడిసిపెట్టాలె? బడిల ఉంచుకునే హాస్టల్ వస్తదంటుండ్రు గద, గది జల్ది తెప్పియ్యి. కాయితం చూపిస్తే ఇడిసిపెట్టి పోత."

"కాయితం నీకు చదవొస్తదా?"

"నాకు రాదు. నా బిడ్డకొస్తది."

లెక్క చూసుకుంటే అట్లాంటి పిల్లలు మా ఊళ్లో పద్నాలుగు మంది తేలారు. సభ బుధవారం. లారీ గురువారం పొద్దున. సభలో తీర్మానం అయితే, అదే రోజు అధికారి దగ్గర సంతకం పెట్టించి, బడికి బియ్యం, ఒక ఆయా వచ్చేలా మాట తీసుకోవచ్చు. అధికారులంతా సభకు వస్తారు. ఆ ఒక్క రోజే అందరూ ఒక్కచోట దొరుకుతారు.

"నేను తెస్త పో," అన్నాను. కొంగుకు ఐదో ముడి వేశాను. ఐదింట్లో పెద్ద ముడి అదే.

ఆ రోజు సభ

సభ ఆలస్యంగా మొదలైంది. మొదటి అంశం నాయకత్వమూ స్థానిక అభివృద్ధీ అనే చర్చ. అయిజ దిక్కువాళ్లు కాలువ చివరి పొలాలకు నీళ్లు అందట్లేదన్నారు. నాగర్‌కర్నూల్ దిక్కువాళ్లు రోడ్లన్నారు. ఎమ్మెల్యే లేచాడు. బాగా మాట్లాడాడు. ఒక మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "నాయకుడంటే ముందర నడిచేటోడు అంటరు. నేను ఒప్పుకోను. వెనుక ఎంతమంది మిగిలిపోయిండ్రని తిరిగి చూసేటోడే నాయకుడు." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తర్వాత మైకు నాకు వచ్చింది. బోరు మోటరు ముడి విప్పాను. దానికి అధికారి జవాబు చెప్పాడు. పశువుల డాక్టరు ముడి విప్పాను. దాని మీద కాస్త వాదన అయింది. బస్సు. బడి గోడ. నాలుగూ సాధించాను. నాలుగు విషయాలకూ అవుననిపించుకున్న సభ్యులు ఆ రోజు ఇంకొకరు లేరు. నాకు ఉషారు వచ్చింది. అంగట్లో చిన్నవన్నీ చవకగా కొని, ఇక చీర బేరానికి దిగబోయే మనిషి ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాను. మంచిది ఆఖరుకు, అందరూ మెత్తబడ్డాక అడుగుదాం అనుకున్నాను.

ఐదో ముడి మీద చెయ్యి వేశాను. అంతలో పక్క గది నుంచి పలావు వాసన వచ్చింది. వెనుక వరుసలో కుర్చీలు జరిగిన చప్పుడయింది. చైర్‌పర్సన్ భర్త తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. "భోజనాల తర్వాత కొనసాగిద్దాం," అని చైర్‌పర్సన్ చదివింది. నేను ముడి వదిలేశాను. భోజనాల తర్వాత అన్నారు కదా, గంటలో ఏం మునిగిపోతుంది అనుకున్నాను.

ముందు తిన్న సభ్యులు తిన్నట్టే హాజరు పుస్తకంలో సంతకాలు పెట్టి బస్సులు ఎక్కారు. సభ నడవడానికి ఇంతమంది ఉండాలని ఒక లెక్క ఉంటుంది. మిగతావాళ్ల చేతుల్లో ఇంకా ప్లేట్లు ఉండగానే, అంతమంది లేరు, ఇక సభ లేదన్నారు. అది ఆ రోజు కొత్తగా జరిగింది కాదు. ప్రతిసారీ అట్లాగే జరిగేది. రెండేళ్లుగా నేనూ చూస్తున్నాను. చూస్తూ కూడా నా పెద్ద ముడిని చివర వేసుకుని వెళ్లాను.

అంగట్లో పొద్దు వాలినకొద్దీ ధర దిగుతుంది. సభలో పొద్దు వాలినకొద్దీ కొనేవాడే ఉండడు. మీరు ఇంకేం మరిచినా ఇది మరవకండి. ఏ పని కాకపోతే మీ ఊళ్లో ఒక మనిషికి ఇక తిరిగి రానిది పోతుందో, ఆ పని ముందు చెప్పండి. మోటరు మూడు నెలలు ఆగుతుంది.

చీటీ

వరండాలో పోట్లాట అందుకే. ఎమ్మెల్యే, "సభల ఆఖరుకు అన్నముంటది," అన్నాక అందరూ నవ్వారని చెప్పాను కదా. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది.

"వెనుక మిగిలినోళ్లను చూసేటోడే నాయకుడంటివి గద సారూ. పద్నాలుగు మంది మిగిలిండ్రు. చూడు మరి!"

ఆయన నవ్వు ఆపాడు. ప్లేటు గోడ మీద పెట్టాడు. "లారీ ఎప్పుడు?" అన్నాడు.

"రేపు పొద్దుగల."

"రేపా! మరి గది మొదలు చెప్పాలె గదక్కా! నా మాట మధ్యల లేచి చెప్తే కూడ నేను కూసుందు!"

"గదే తెల్వక గీడ నిలబడ్డ."

ఆయన విద్యాశాఖ అధికారిని వెతకడానికి మనిషిని పంపాడు. ఆ అధికారి అప్పటికే ఇంకో ఊరికి వెళ్లిపోయాడు. రేపు మధ్యాహ్నం గానీ రాడన్నారు. ఎమ్మెల్యే జేబులోంచి తన పేరున్న కాగితం తీసి, వరండా గోడ మీదే పెట్టి మా హెడ్‌మాస్టరుకు చీటీ రాశాడు. పిల్లలను రేపటి నుంచి బడిలో ఉంచుకోవాలని, బియ్యానికీ ఆయాకూ ఉత్తర్వు వస్తుందని, బాధ్యత తనదని. నాకు చదివి వినిపించి చేతిలో పెట్టాడు.

"గిది నడుస్తదా సారూ?"

"నిజం చెప్పాల్నా? నడవాలె. నడుస్తదో లేదో తెల్వదు."

ఆయన ఆ రోజు చెప్పిన అన్ని మాటల్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

ఆ హాస్టల్ తర్వాత తెరుచుకుంది. దీపావళి దాటాక, ఆయన పట్టు పట్టి తిరిగితే వచ్చింది. చాలా ఏళ్లు నడిచింది కూడా. ఇప్పటికీ సభల్లో నా పేరు చెప్పి ఆ హాస్టల్ పేరు చెబుతారు. చెప్పనీ. నేను రాయించాలనుకున్నది మాత్రం ఆ మరుసటి పొద్దు సంగతి.

పొద్దున

గురువారం పొద్దున ఏడింటికి లారీ బడి ముందు ఆగింది. పారలు, తట్టలు, జొన్న రొట్టెల మూటలు ఎక్కుతున్నాయి. హెడ్‌మాస్టరు త్వరగానే వచ్చాడు. చీటీ రెండుసార్లు చదివాడు.

"అక్కా, గీ కాయితం నాకు ధైర్యమే. కాని ఆయా లేదు, బియ్యం లేవు. ఆడపిల్లలు కూడ ఉన్నరు. రాత్రి ఏ పిల్లకన్న జ్వరమొస్తే, పామో పురుగో ముడితే ఎవరు జవాబు చెప్పాలె? ఆర్డర్ రానీ. వచ్చిన గడియల తాళం తీస్త."

ఆయన తప్పు అన్నదేమీ లేదు.

ఖాసింబీ చీటీని షమీమ్ చేతికిచ్చింది. పిల్ల చదివింది. చదివి, గోటితో ఏ వరుస కిందా గీత పెట్టలేదు. మడిచి నాకు తిరిగి ఇచ్చింది.

"అక్కా," అంది ఖాసింబీ, "ఆర్డర్ వచ్చేదాంక నీ ఇంట్ల ఉంచుకుంటవా?"

చుట్టూ ఉన్న మిగతా తల్లులంతా నా దిక్కు చూశారు. ప్రతి పూటా కుండలో బియ్యం పోసేముందు చేసే లెక్కే అప్పుడూ చేశాను. ఒక్కదాన్ని ఉంచుకుంటే పద్నాలుగు మందిని ఉంచుకోవాలి. ఆర్డరు పది రోజులకు వస్తుందో, ఉగాదికి వస్తుందో తెలియదు. మా ఇంట్లో ఉన్న గింజలు ఉగాది దాకా మా ఇంటికే సరిపోతాయి.

"ఒక్కదాన్ని ఉంచుకుంటే మిగిలినోళ్లు ఏమంటరే ఖాసింబీ?"

"ఏమనరు. లారీ ఎక్కుతరు, నాలెక్కనే."

గుంపు మేస్త్రీ క్యాబిన్‌లోంచి తల బయట పెట్టి, "నడువుండ్రమ్మా, ఎండెక్కుతుంది," అన్నాడు. మౌలాలి ముందు ఎక్కి చెయ్యి అందించాడు. షమీమ్ ఎక్కింది. ఖాసింబీ ఎక్కబోయి ఆగి, మూటలోంచి ఒక పుస్తకాల కట్ట తీసింది.

"గివి నీ తాన పెట్టక్కా. లారీల వాన పడితే తడుస్తయి."

పట్టుకోవడానికి కొంగు చాపాను. ఐదో ముడి ఇంకా విప్పలేదు. అది విప్పితే గానీ పుస్తకాలు పట్టలేదు. విప్పి, ఏడో తరగతి పుస్తకాలు అందులో వేసుకుని నిలబడ్డాను. లారీ వనపర్తి రోడ్డు పట్టి పోయింది. పద్నాలుగు మందీ అందులోనే పోయారు. హెడ్‌మాస్టరు బడి తాళం తీసి గంట కొట్టి, హాజరు పట్టీ తెరిచాడు.